కుడి చెవి సాక్ష్యం

సంతకం పెట్టను. పెట్టనంటే పెట్టను. ఈ గదిలో ఏసీ ఆపేసినా, టీ మిషన్ పక్కన కూర్చున్న అమ్మాయి నన్ను చూసి ఇంకో నాలుగుసార్లు నవ్వాపుకున్నా, బండి కడగడం అయిపోయి వాకిట్లోకొచ్చి నిలబడ్డా పెట్టను. కారు సర్వీసు వాళ్లిచ్చిన జాబ్ కార్డు నా ఒళ్లో ఉంది. పెన్ను చేతిసంచిలో ఉంది, సంచికి జిప్పు వేసి ఉంది. కార్డు మీద అడుగున ఇంగ్లీషులో ఒకే ఒక్క వాక్యం రాశారు, కస్టమరు చెప్పిన శబ్దం రావడం లేదు, బండిలో లోపం లేదు అని. దాని కింద నా సంతకానికి ఒక గీత. ఆ గీత మీద రోజారమణి అని రాశానంటే సాయంత్రానికి కారు తాళం మా ఆయన జేబులోకి వెళ్లిపోతుంది, నెల తిరిగేసరికి కారు ఇంకెవరి వాకిట్లోనో ఉంటుంది, నేను మళ్లీ జగ్గయ్యపేట సెంటర్లో షేర్ ఆటో అంచు మీద ఒంటి తొడతో కూర్చుని బడికి పోతుంటాను. నేనే మాటిచ్చాను మరి. ఎవరూ నా నోట్లో కుక్కలేదు.

మొన్న ఆదివారం చర్చి నుంచి నేను నడుపుకొస్తుంటే గేటు స్తంభానికి అద్దం తగిలింది. అద్దమంటే పక్కనుండే చిన్న అద్దం, మడత పడింది, మళ్లీ చేత్తో తెరిస్తే తెరుచుకుంది, గీత కూడా పడలేదు. దానికి డేవిడ్‌రాజు ఇంటికొచ్చేదాకా ఊపిరి బిగబట్టుకుని కూర్చుని, చెప్పులు విడవకుండానే మొదలుపెట్టాడు. ముప్పై ఏళ్లు ఆర్టీసీలో కండక్టరు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. స్టీరింగు ఒక్కనాడూ ముట్టుకోలేదు గానీ, హోల్డాన్ అంటే బండి ఆగాలి, రైట్ రైట్ అంటే కదలాలి, అది ఆయన లోకం. "ఒక చెవి ఇనపడదు, ఇంకో చెవికి లేని సౌండు ఇనపడుద్ది. ఇంక బండేం నడుపుతావు?" అన్నాడు. సౌండు ఉందన్నాను. లేదన్నాడు. ఉందన్నాను. "సరే, సర్వీసుకి తీస్కెళ్లు. ఉందని వాళ్లు కాయితం మీద రాసిస్తే నీ బండి నువ్వు నడుపుకో, నేను నోరెత్తను. లేదంటే అది నీ చెవులో సౌండు. తాళం ఇచ్చెయ్యి, అమ్మేద్దాం," అన్నాడు. సరే అన్నాను. కోపంలో అన్నా సరే అన్నది సరే అన్నదే. అందుకే ఇవాళ రెండో శనివారం, బడి లేని రోజు, బట్టలు నానబెట్టాల్సిన రోజు, పొద్దున్నే బయల్దేరి నందిగామ వచ్చి హైవే పక్కన ఈ అద్దాల గదిలో కూర్చున్నాను.

లేకపోవడమేమిటి? నాలుగు నెలలుగా వింటున్నాను. బ్రేకు తొక్కితే వెనకెక్కడో టక్. మలుపు తిప్పితే టక్, ఒక క్షణం ఆగి మళ్లీ టక్. స్పీడ్‌బ్రేకర్ దిగితే ఒకటే, కొంచెం మెత్తగా. లెక్కల టీచర్ని నేను, బోర్డు మీద సమీకరణం రాస్తూ వెనక్కి తిరక్కుండానే మూడో బెంచీలో గుసగుస ఎవరిదో పేరు పెట్టి చెప్పేదాన్ని. అలాంటిది నా బండిలో నాకు తెలియని శబ్దమా? డేవిడ్‌రాజు కూర్చుంటే ఎందుకు వినపడదంటే ఆయన ఎక్కగానే ఏసీ నాలుగులో పెడతాడు, ఫోన్లో పాటలు గట్టిగా పెడతాడు. నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఏసీ ఉండదు, పాట ఉండదు. ఉన్నది ఒక్క చెవి కాబట్టి దానికి అడ్డం ఏదీ పెట్టను. రెండు చెవులున్న వాళ్లు రెండూ పాటలకిచ్చేసి నా ఒక్క చెవికి పరీక్షలు పెడుతున్నారు.

ఎడమ చెవి సంగతి తేలిందీ నాలుగు నెలల కిందటే. మా బడి ఫ్లోరెన్స్ టీచరూ నేనూ విజయవాడ డాక్టరు దగ్గరికి వెళ్తుంటే కీసర దగ్గర వెనక టైరు పంక్చరైంది. అక్కడే షాపతను స్టెప్నీ తీసి బిగించి, పంక్చరైన టైరు బాగుచేసి డిక్కీ గుంటలో పడుకోబెట్టాడు. ఆ తర్వాత డాక్టరు దగ్గర చెవులకి ఏవో తగిలించి, బీప్ వినపడినప్పుడల్లా చెయ్యెత్తమన్నారు. ఎడమ వైపు నేను చెయ్యెత్తడానికి ఏమీ రాలేదు. ఎప్పటికీ రాదేమో అనుకుని అలాగే చూస్తూ కూర్చున్నాను, ఫ్లోరెన్స్ నా భుజం పట్టుకుంది, ఆ పట్టుకోవడంతో నాకు తెలిసిపోయింది. ఇంటికొచ్చి చెబితే డేవిడ్‌రాజు చెవి గురించి ఒకసారి అడిగాడు, స్టెప్నీ గురించి మూడుసార్లు. జాగ్రత్తగా తీశాడా, ఏం విసిరేయలేదు కదా, నువ్వు పక్కనే ఉన్నావా. టైరు మీదున్న శ్రద్ధ పెళ్లాం చెవి మీద లేదని ఆ రాత్రి ఏడుపొచ్చింది, నిజంగానే వచ్చింది. ఆ రోజు నుంచే ఈ టక్. అందుకే ఆయనకి లెక్క సులువైపోయింది, డాక్టరు చెప్పినరోజే మొదలైంది కాబట్టి అది చెవిదే. రెండు సంగతులు ఒకే రోజు జరిగితే ఒకటి రెండోదానికి కారణం కానక్కర్లేదని తొమ్మిదో తరగతి పిల్లలకి కూడా చెబుతాను నేను.

పొద్దున ఇవన్నీ వీరేంద్రకి చెప్పాను. సర్వీస్ అడ్వైజరట, మెళ్లో కార్డు, చేతిలో ట్యాబు, మాట మాటకీ మేడం. పంక్చరు దగ్గర్నుంచి మొదలైందయ్యా, వెనక నుంచి వస్తుందయ్యా అంటే తల ఊపుతూ వేరే ఎవరికో మెసేజి కొట్టాడు. డిక్కీలో పదో తరగతి జవాబు పత్రాల కట్టలు రెండున్నాయి, బరువుగా ఉన్నాయి, తీసి పక్కన పెట్టనా అని కూడా అడిగాను. "అవసరం లేదండి మేడం, వెనకాల మాకేం పనుండదు," అన్నాడు. టెస్ట్ డ్రైవుకి నేనూ వస్తానంటే కుదరదన్నాడు, రూల్సట. అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను, బండెక్కి ఏసీ వేసుకున్నాడు, చెయ్యి టేపురికార్డరు వైపు వెళ్లింది, సర్వీసు రోడ్డు మీద అటు వెళ్లి ఇటు వచ్చాడు. మలుపు లేదు, స్పీడ్‌బ్రేకర్ లేదు. దిగి, ఈ కార్డు తెచ్చి, "చూసామండి మేడం, ఏ సౌండూ రాట్లేదు. ఒక్కోసారి అలా అనిపిస్తదండి. సార్ వచ్చుంటే సార్‌కి చెప్పేవాళ్లం," అన్నాడు. సార్‌కి ఏం చెబుతావయ్యా, మీ ఆవిడకి మతి తప్పిందని చెబుతావా? అనలేదు. సంతకం పెట్టనని మాత్రం అన్నాను. అప్పట్నుంచి గంట కావస్తోంది.

ఎదురు సోఫాలో భవానీప్రసాద్ గారున్నారు, పెనుగంచిప్రోలు వైపు మిరప వేసే పెద్ద రైతు. నా తర్వాత వచ్చారు, ఆయన బండి నాకంటే ముందు లోపలికి వెళ్లింది, టీ కూడా అడగకుండానే వచ్చింది. మంచాయనే. మా అమ్మాయి యశస్వినికి లెక్కలు మీరే చెప్పారంటూ లేచి మరీ పలకరించారు. "మీవారు రాలేదామ్మా? ఆడోళ్లు ఒక్కరే వస్తే వీళ్లు పట్టిచ్చుకోరు. నేనో మాట చెప్తానుండండి," అన్నారు. వద్దండి, నేనే చెప్పుకుంటానన్నాను. ఆయన మాట మీద శబ్దం వినపడితే అది ఆయనకి వినపడినట్టు, నాకు కాదు. ఆయనకి అర్థం కాలేదు, పర్లేదమ్మా అన్నారు, పేపరు తీసుకున్నారు.

ఈలోగా ఫోను. డేవిడ్‌రాజు. బండి నా పేరు మీద ఉంది, కానీ కొన్నరోజు ఫారంలో ఫోన్ నంబరు ఆయనదిచ్చాడు, ఆడవాళ్ల నంబర్లు ఎక్కడ పడితే అక్కడ ఇవ్వకూడదట. కాబట్టి నా బండికి నూనె మార్చినా, నీళ్లు కొట్టినా మెసేజి ఆయనకే వెళ్తుంది. బయటికి తేవాలంటే వచ్చే ఓటీపీ కూడా ఆయనకే. "సర్వీసు పూర్తయిందని వచ్చిందే. ఏమన్నారు?" అని అడిగాడు, గొంతులో తొందర. ఇంకా చూస్తున్నారన్నాను. "ఏం లేదన్నారు గదా?" అన్నాడు. ఇంకా చూస్తున్నారని మళ్లీ అని పెట్టేశాను. ఆ గొంతులో గెలుపు ఉంటుందనుకున్నాను. గెలుపు కాదు, ఇంకేదో ఉంది. కంగారు పడుతున్నట్టు ఉంది. ఎందుకో మరి.

నలభై ఎనిమిదో ఏట నేర్చుకున్నాను డ్రైవింగు. నేర్పినతను క్లచ్ వదలండి అంటూ తన కాళ్ల దగ్గరున్న రెండో బ్రేకు మీద నిలబడేవాడు, వారం తర్వాత కాళ్లు మడుచుకుని కూర్చున్నాడు. కారు వచ్చినరోజు చర్చి ముందు నిలబెట్టి ప్రార్థన చేయించాం. అయ్యగారు బానెట్ మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థించారు, చిన్న సీసాలోంచి అభిషేక తైలం వేలితో తీసి స్టీరింగుకి రాశారు, నా నుదుటికి రాశారు, డేవిడ్‌రాజు కళ్లు మూసుకుని అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాడు. సీసాలో సగానికి పైగా మిగిలింది, ఏం చేశారంటే అయ్యగారే తీసుకెళ్లారన్నాడు. ఆ ఏడాది మున్నేరు పొంగింది. ఆటోలు ఆగిపోయాయి, బళ్లో నలుగురు టీచర్లం ఇరుక్కుపోయాం, నీళ్లు రోడ్డెక్కకముందే అందరినీ ఎక్కించుకుని పేటకి తెచ్చి ఎవరి గుమ్మంలో వాళ్లని దింపాను. నా చేతులు వణకలేదు. మా గుమ్మంలో డేవిడ్‌రాజు నిలబడి ఉన్నాడు, తడిసి ముద్దయి, నన్ను చూసి లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. మెచ్చుకుంటాడని ఎదురుచూశాను. ఇప్పటికీ ఆ మెప్పు బాకీ ఉన్నట్టే అనిపిస్తుంది నాకు.

అయినా ఆయన భయం నాకు తెలియనిదా? కంచికచర్ల దాటాక ఒకసారి ఆయన బస్సు ముందే కారు లారీ కిందకి వెళ్లింది. బస్సు ఆపించి మొదట దిగింది ఆయనే. కారులో ఉన్నామెని బయటికి తీసి రోడ్డు పక్కన పడుకోబెట్టి, మెడకున్న చేతిరుమాలు తీసి మొహం తుడిచాడట. ఆ రుమాలు ఇంటికి రాలేదు. మర్నాడు కొత్తవి అరడజను కొని, ఏ రుమాలూ పోకుండా మూలమూలకీ ఎర్ర దారంతో ఒక పువ్వు కుట్టి ఇచ్చాను. ఈరోజుకీ కాలరు లోపల అలాంటిదే పెట్టుకుంటాడు. భయం ఉండొచ్చు. ఉండాలి కూడా. కానీ ఆయన భయానికి నా తాళమెందుకివ్వాలి? భయం ఆయనది, చెయ్యి నాది, చెవి నాది. నేను తప్పు విని ఉంటే? ఉండొచ్చు. ఈ ఏసీ మోతలో కూర్చుంటే నాకే అనుమానం వస్తోంది. ఎడమ చెవి పోతే కుడి చెవి లేనిపోనివి కల్పించుకుంటుందేమో, డాక్టరు కూడా ఒక్కోసారి హోరు వినపడొచ్చన్నాడు. హోరు అన్నాడు. టక్ అనలేదు.

కార్డు వెనక్కి తిప్పాను, ఊరికే, చేతులకి పని కావాలి కాబట్టి. వెనక ముప్పై రెండు అంశాల పట్టిక. లైట్లు, వైపర్లు, బ్రేకు, బ్యాటరీ, ఒక్కొక్కదాని ఎదురుగా టిక్కు. ముప్పై ఏళ్లు పేపర్లు దిద్దిన దాన్ని, చదివి పెట్టిన టిక్కుకీ చదవకుండా పెట్టిన టిక్కుకీ తేడా నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. చదివి పెట్టిన టిక్కుల్లో ఒకటి నిటారుగా ఉంటుంది, ఒకటి పడుకుంటుంది, మధ్యలో ఒకచోట పెన్ను తడబడుతుంది. ఇవి ముప్పై రెండూ ఒకే వాలు. పైనుంచి కిందకి వాన పడ్డట్టు పడ్డాయి, ఆఖరిది గడి దాటి కిందికి జారింది కూడా. పందొమ్మిదో అంశం దగ్గర నా వేలు ఆగింది. స్టెప్నీ టైరులో గాలి, చూడబడింది, ముప్పై మూడు. అద్దంలోంచి బండి వైపు చూశాను. నీళ్లు తుడుస్తున్నారు. వెనక అద్దంలోంచి నా కట్టలు రెండూ కనపడుతున్నాయి, పొద్దున నేను పెట్టినట్టే, పై కట్టకి పురికొస ముడి నా వైపే తిరిగి. ఆ కట్టలు ఎత్తకుండా, కిందున్న డిక్కీ పరుపు తీయకుండా స్టెప్నీని ఎవరు చూశారు? ఎలా చూశారు? లేచాను. భవానీప్రసాద్ గారు పేపరు దించారు. కస్టమర్లకు ప్రవేశం లేదన్న బోర్డు దాటి లోపలికి వెళ్లిపోయాను.

"మేడం, మేడం, ఇక్కడికి రాకూడదండి," అంటూ వీరేంద్ర పరుగెత్తుకొచ్చాడు.

"స్టెప్నీలో గాలెంతుందయ్యా?"

"ముప్పై మూడండి."

"నా కట్టలు ఎవరు తీశారు?"

వాడు ట్యాబులోకి చూశాడు. కార్డు తిప్పి పందొమ్మిదో గడి మీద వేలు పెట్టాను. వాడి కళ్లలో సరిగ్గా నా క్లాసులో కాపీ కొట్టి దొరికిన పిల్లాడి చూపు. జాలేసింది, అయినా వేలు తీయలేదు. "చూడకుండా టిక్కు పెట్టావు. వినకుండా సౌండు లేదన్నావు. తెరువు," అన్నాను. పక్క బండి కింద నుంచి పెద్ద మెకానిక్కు లేచొచ్చాడు, తల నెరిసిన మనిషి, చొక్కా మీద రత్నబాబు అని కుట్టి ఉంది. చేతులు గుడ్డకి తుడుచుకుంటూ, "తెరిస్తే పోయేదేముందండి, ఉండండి," అని కట్టలు జాగ్రత్తగా ఎత్తి బల్ల మీద పెట్టాడు, పరుపు మడిచాడు, బోల్టు తిప్పాడు, టైరు అంచు పట్టుకుని ఇటు వంచాడు.

టక్.

రత్నబాబు చెయ్యి ఆగిపోయింది. అటు వంచాడు. ఒక క్షణం ఆగి, టక్. వీరేంద్ర నా మొహం వైపు చూశాడు, ఎక్కడా చూడలేక టైరు వైపు చూశాడు. నేను డిక్కీ అంచు పట్టుకున్నాను. విన్నాను. నేను సరిగ్గానే విన్నాను. నాలుగు నెలలు రాత్రుళ్లు పక్క మీద కుడి చెవి దిండుకి ఆనించుకుని, ఇదీ పోతే ఎలా, ఇది కూడా అబద్ధం చెబితే ఎలా అని పడుకున్నాను నేను. రత్నబాబు టైరు పూర్తిగా లేపి లోపల చెయ్యి పెట్టి తీశాడు. వేలెడు గాజు సీసా. సగానికి పైగా పసుపుపచ్చటి నూనె. మెడకి ఒక తెల్ల రుమాలు, ఒకప్పుడు మొత్తం చుట్టి కట్టి ఉంటారు, కీసర షాపతను తీసి మళ్లీ పడేసినప్పుడు ఊడిపోయిందేమో, ఒక కొస మాత్రం వేలాడుతోంది. ఆ కొస మీద ఎర్ర దారపు పువ్వు. "ప్రార్థన నూనాండి ఇది? మా ఇంట్లోనూ ఉంటదండి. కానీ ఇందులో ఎవరు పెట్టారండి?" అన్నాడు రత్నబాబు.

ఎవరు పెడతారు? నా చేతి మీద నమ్మకం లేక, చెబితే నవ్వుతానని చెప్పలేక, నేను నిద్రపోయాక డిక్కీ తెరిచి దాచి ఉంటాడు. మున్నేరు దాటి వచ్చినరోజు లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నది దేనికో కూడా ఇప్పుడు తెలిసింది. ఆయన మోకాళ్ల మీద ప్రార్థనలో ఉండి ఉంటాడు. ప్రేమే, కాదనను. ఆ ప్రేమ నాలుగు నెలలు నా వెనక కొట్టుకుంటూ ఉంటే, అది నీ చెవులో సౌండు అన్నాడు చూడండి, అది మాత్రం క్షమించడానికి టైం పడుతుంది.

వీరేంద్ర చేత ఆ ఇంగ్లీషు వాక్యం కొట్టేయించాను. కింద తెలుగులో రాయించాను, నేను చెబుతుంటే వాడు రాశాడు: కస్టమరు చెప్పిన శబ్దం ఉంది, స్టెప్నీ గుంటలో నుంచి వచ్చింది, ముందు మేము చూడలేదు. ఫోన్ నంబరు కూడా మార్పించాను. ఈ ఒక్క ఓటీపీ పాత నంబరుకి వెళ్లిపోయిందండి, తర్వాత నుంచి మీకే వస్తాయి అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "కంపెనీ నుంచి ఫోనొస్తదండి, పదికి పది ఇవ్వండి మేడం, లేకపోతే మాకు ఇబ్బందండి," అన్నాడు. చూడకుండా మార్కులు వేయడం నాకు రాదన్నాను. రత్నబాబుకైతే వేస్తానన్నాను. అప్పుడు సంచి జిప్పు తీసి, పెన్ను తీసి, గీత మీద నా పేరు పూర్తిగా రాశాను.

బండిలో కూర్చుని ఫోన్ చేశాను. సీసాని గేరు పక్కన గుంటలో నిలబెట్టాను, రుమాలు చుట్టి. మొదటి రింగుకే ఎత్తాడు.

"స్టెప్నీ తెరిపిచ్చానండి," అన్నాను.

"పగల్లేదు గదా?" అన్నాడు.

ఏది అని నేనడగలేదు. "ఆ సౌండు ఏమిటో మీకు ముందే తెలుసు," అన్నాను.

"అనుమానమొచ్చింది," అన్నాడు నెమ్మదిగా. "చెప్తే నవ్వుతావని... తీద్దామని రెండుసార్లు పోయా. తీస్తే ఆరోజే ఏమన్నా అయిద్దేమోనని..." గొంతు ముసలివాడి గొంతులా ఉంది. నాకు ఏడుపొచ్చింది, బయటికి రానివ్వలేదు.

"ఓటీపీ చెప్పండి."

టికెట్టు నంబరు చదివినట్టు నాలుగంకెలూ ఒక్కొక్కటిగా చదివాడు. అద్దం దించి వీరేంద్రకి చెప్పాను. "ఇదే మీకొచ్చే ఆఖరిది," అన్నాను ఫోన్లో. "రేపు చర్చికి పక్క సీట్లో కూర్చోండి. సీసా మీ చేతిలోనే పెడతా, పట్టుకుని ఎంతసేపు కావాలంటే అంతసేపు ప్రార్థన చేసుకోండి. నడిపేది నేను. పాటలు పెట్టకూడదు."

"సరేలే. టోల్‌గేటు కాడ లారీలు ఎక్కువుంటయ్యి, మెల్లిగా..."

"రైట్ రైట్," అని ఫోన్ పెట్టేశాను. ఏసీ వేయలేదు. గేటు దగ్గర స్పీడ్‌బ్రేకర్ దిగేటప్పుడు కుడి చెవి పెట్టి విన్నాను. ఏమీ లేదు. ఇండికేటరు వేసి హైవే ఎక్కాను.